కోటి రూపాయల సాష్టాంగం

మా బావ కోటి రూపాయలు పోసి కొన్న బండికి వినయం ఎక్కువ. ఇంజిన్ ఆపితే చాలు, మనం దిగడానికి వీలుగా కిందికి వంగుతుంది. "చూశావా, నమస్కారం పెడుతోంది" అంటూ కొత్తలో బావ కనపడ్డవాళ్లందరికీ చూపించాడు. మొన్న విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, పెళ్లి ముహూర్తానికి గంట ముందు, ఆ నమస్కారం కాస్తా సాష్టాంగమైంది. పైడితల్లమ్మ గుడి పక్కనే కదా, భక్తి కాబోలు అనుకున్నాం. మళ్లీ లేవలేదు.

ఇలాంటి బళ్లకి లారీలకున్నట్టు బరువు మోసే కమాన్ పట్టీలుండవు. రబ్బరు తిత్తుల్లో కంప్రెసర్ గాలి నింపితే బండి లేస్తుంది. రబ్బరు బీటలు వారితే గాలి పోతుంది. పోయినకొద్దీ కంప్రెసర్ ఆయాసపడుతూ కొట్టి కొట్టి, చివరికి అదీ కాలిపోతుంది. సైకిల్ ట్యూబు కథే, బిల్లు మాత్రం లక్షల్లో.

మడ్‌గార్డులు టైర్ల మీద కూర్చున్నాయి కాబట్టి నెట్టడానికీ లేదు. వెనకాల సాలూరు లారీ డ్రైవరు దిగొచ్చి, గొంతుకు కూర్చుని కిందికి చూశాడు.

"జాకీ ఏస్తే లెగదేటి బాబూ?"

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అన్నాడు బావ గంభీరంగా.

"అదెక్కడుంటాది? సుత్తితో రెండు కొట్టమంటావా?"

కొబ్బరికాయలమ్మే ఆవిడ తన బుట్ట బానెట్ మీద దించుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. లోపల సారె బుట్టల మధ్య అత్తయ్య. ఎదురుగా తెర మీద ఎర్రక్షరాలు: గంటకు 50 కిలోమీటర్లు దాటవద్దు. అంగుళం కదలని బండి ఇచ్చిన సలహా ఇది!

విశాఖ నుంచి ట్రక్కు వచ్చి ఎత్తుకుపోయేసరికి పెళ్లి భోజనాలైపోయాయి. "సముద్రపు గాలి సార్, బండికి పడదు" అన్నాడట సర్వీసు కుర్రాడు. 900 మిల్లీమీటర్ల నీళ్లలో ఈదుతుందని అమ్మిన బండికి గాలి పడదట! బావకి అదీ ముద్దే. "ఇలాంటి బండికి కాస్త క్యారెక్టర్ ఉంటుంది" అంటాడు. మా ఇంట్లో మిక్సీకి అదే క్యారెక్టరొస్తే పాతసామాన్లవాడికేశాం.

కొండలెక్కడానికే పుట్టిందని రాశారు బ్రోషర్లో. కొండలు మన జిల్లాలోనే ఉన్నాయి కదయ్యా! శృంగవరపుకోట దాటి పైకెళ్లి చూడండి. నెలలు నిండిన ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకుంటూ దించుతారు. అంబులెన్సు కింద, తారు రోడ్డు ఆగిపోయిన చోట, ఎదురుచూస్తుంటుంది. ఆ ఊళ్లకు జీపు వెళ్లే బాట వేయమంటే ఏళ్ల తరబడి కాగితాలు తిప్పుతారు. ఇక్కడ మనకి స్పీడ్ బ్రేకర్ దాటడానికి కోటి రూపాయల బండి కావాలి. సిగ్గేయదూ?

నిన్న బావ ఫోన్ చేశాడు. బండి వచ్చిందట, లేచిందట. ఇప్పుడు దిగనంటోందట. అత్తయ్య ఎక్కడానికి పీట వేస్తున్నారు.