ఫిషర్ గారి అట్టముక్క

మొన్న శనివారం టీవీ పెడితే టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మాజీ హెడ్ కోచ్ జింబో ఫిషర్ గారు దర్శనమిచ్చారు. చక్కగా సూటు వేసుకుని స్టూడియోలో కూర్చుని, కాలేజీ ఫుట్‌బాల్ ఎలా ఆడించాలో విశ్లేషిస్తున్నారు. ఆయన ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నా చూపంతా ఆయన చేతుల మీదే ఉంది. చేతుల్లో అట్టముక్క లేదు.

టెక్సాస్‌లో ఉండే తెలుగువాళ్లకి ఆ అట్టముక్క గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడి ఫుట్‌బాల్ అంటే బంతి చేత్తో పట్టుకుని ముందుకు తీసుకెళ్లే అమెరికన్ ఆట. ఇందులో బంతి కదిలే ముందు ప్రతిసారీ గట్టు మీదనుంచి ఒక ప్లే, అంటే ఎవరు ఎటు కదలాలో చెప్పే ఎత్తు, లోపలికి పంపాలి. ఆ ప్లేలన్నీ లామినేషన్ చేయించిన పెద్ద అట్ట మీద రంగురంగుల గళ్లలో రాసుకుంటారు. చూడ్డానికి టిఫిన్ సెంటర్ మెనూలా ఉంటుంది. చాలామంది హెడ్ కోచ్‌లు ఆ అట్ట ఇంకొకరికి ఇచ్చేసి జట్టు సంగతి చూసుకుంటారు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఫిషర్ గారు ఉన్నది ఆరు సీజన్లు. అందులో ఐదు సీజన్లు ఆ అట్ట ఆయన చెయ్యి దాటలేదు. బంతి మన దగ్గరున్నప్పటి ఆట చూసుకోవడానికి ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ అనే హోదాతో ఒకాయన ఉండేవారు. పెళ్లిలో తోటి పెళ్లికొడుకు లాంటి ఉద్యోగం.

ఇక ఆ దృశ్యం. ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు.

ప్లే మొదలుపెట్టడానికి గడువు చూపించే ప్లే క్లాక్ 40 సెకన్ల నుంచి దిగుతూ ఉంటుంది. 31. ఫిషర్ గారు అట్ట వంక చూస్తారు. 24. అట్ట వెనక్కి తిప్పుతారు. 19. మళ్లీ ముందుకి తిప్పుతారు, ఇందాక చూసింది ఇటువైపే కాబట్టి. 14. లోపల ఆ ప్లే అందుకుని ఆట నడిపించాల్సిన క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు, తిరణాల్లో తప్పిపోయిన పిల్లాడిలా గట్టు వైపు చూస్తుంటాడు. 10. ఫిషర్ గారు అట్టని నోటికి అడ్డం పెట్టుకుని ఏదో సెలవిస్తారు. అవతలి జట్టు పెదాలు చదివేస్తుందని భయం. ఆయన వెస్ట్ వర్జీనియా యాసలో, ఊపిరి తీసుకోకుండా, వాక్యానికీ వాక్యానికీ మధ్య చుక్క పెట్టకుండా మాట్లాడతారు. ఎదురుగా నిలబడి చెవులు రిక్కించినా అర్థం కాదు. పెదాలు చదవగలిగినవాడికి సన్మానం చెయ్యాలి. 6. పక్కనున్నవాళ్లు చేతులూపుతూ సైగలు చేస్తారు. 3. కుర్రాడు "ఏంటీ?" అన్నట్టు చేతులు చాపుతాడు. 1. టైమ్‌అవుట్.

అంత తపస్సు చేసి, టైమ్‌అవుట్ కూడా ఖర్చుపెట్టి పంపిన ప్లే ఏమిటంటే, బంతి పట్టుకుని నడిమధ్యలోకి దూరిపోవడం. ముందుకెళ్లింది రెండు గజాలు. మళ్లీ అట్ట.

ఇదంతా చూస్తున్నది ఎవరనుకున్నారు? యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్. అక్కడి స్టేడియం కైల్ ఫీల్డ్‌లో సీట్లే లక్షకు పైగా ఉంటాయి. విద్యార్థులు వాటిలో కూర్చోరు. 1922లో ఆటగాళ్లు తక్కువ పడితే ఒక విద్యార్థి స్టాండ్స్ నుంచి దిగొచ్చి, అవసరమైతే ఆడతానని ఆట అయ్యేదాకా నిలబడ్డాడట. అప్పట్నుంచి అందరూ నిలబడే చూస్తారు. దానికి "పన్నెండో మనిషి" అని పేరు. ముందురోజు అర్ధరాత్రి ఇదే స్టేడియంలో చేరి ఎలా అరవాలో సాధన కూడా చేస్తారు. అరుపులకి రిహార్సల్ ఉంది. అట్టకి లేదు.

2022 సెప్టెంబరులో అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టుని పిలిచారు. ఊరికే కాదు, 15 లక్షల డాలర్లు ఇచ్చి మరీ. పెద్ద జట్లు ఇలా చిన్నవాళ్లని పిలిచి, సొమ్మిచ్చి, చితక్కొట్టి పంపించడం ఇక్కడి ఆనవాయితీ. వాళ్లు సొమ్ము తీసుకున్నారు. తర్వాత 17–14 తేడాతో గెలిచారు కూడా. దేశంలో ఆరో ర్యాంకులో ఉన్న ఏ అండ్ ఎమ్ ఆ రోజు మొత్తం మీద ఆడిన ప్లేలు 38. గంట ఆటలో బంతి 41 నిమిషాలకు పైగా అవతలివాళ్ల దగ్గరే ఉంది. మన ఏ అండ్ ఎమ్ వాళ్లు బంతిని అవతలి చివరి గీత దాటించి చేసిన రెండు టచ్‌డౌన్లలో ఒకటి కిక్ అందుకుని పరిగెత్తి చేసింది. దానికి అట్టతో పనిలేదు, అందుకే వచ్చింది.

ఇలాంటి రోజుల్లో ఫిషర్ గారి సంజాయిషీకి ఒకటే పేరు: ఎగ్జిక్యూషన్. ప్లే మంచిదే, కుర్రాళ్లే సరిగా అమలు చెయ్యలేదని భావం. ఆడలేక మద్దెల ఓడంటారు చూశారా, ఇక్కడ మద్దెలకి పంతొమ్మిదేళ్లు. ఆ ఏడాదే ఆయన దేశంలో నంబర్ వన్ అనిపించుకున్న కొత్త ఆటగాళ్ల బృందాన్ని పోగేశారు. వాళ్లందరితో కలిసి 5 గెలిచి 7 ఓడారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2020లో 9 గెలిచి ఒకటే ఓడారు. 2021లో నంబర్ వన్‌గా ఉన్న అలబామాని ఆఖరి కిక్‌తో 41–38తో ఓడించారు. ఆ రాత్రి నేనూ గెంతాను. ఆ ఒక్క రాత్రిని పట్టుకుని మరో రెండేళ్లు ఆయన్ని భరించాం.

అసలు రోగం ఆయన రాకముందే మొదలైంది. అంతకుముందు కోచ్ కెవిన్ సమ్లిన్ ఆరేళ్లలో 51 ఆటలు గెలిస్తే, చాలదని పంపించేశారు. 2017 డిసెంబరులో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ నుంచి ఫిషర్ గారిని తెచ్చారు. అక్కడ రెగ్యులర్ సీజన్‌లో ఇంకా ఒక ఆట మిగిలే ఉంది. దానికి కూడా ఆగలేదు. క్రిస్మస్ ఇంకా మూడు వారాలుండగానే ఆయన ఇంటి ముందు రోడ్డు పక్కన పారేసిన క్రిస్మస్ చెట్టు ఫొటో దేశమంతా చూసింది. మనవాళ్లు అది చూసి, ఎంత తొందరో మన మీద అని మురిసిపోయారు. పదేళ్లకు ఏడున్నర కోట్ల డాలర్లు, గెలిచినా ఓడినా గ్యారంటీ అని రాసిచ్చారు. అప్పటి ఛాన్సలర్ జాన్ షార్ప్ ఒక ఫలకం కూడా చేయించి ఇచ్చారు. దాని మీద "జాతీయ ఛాంపియన్లు, 20" అని చెక్కించి, పక్కన రెండంకెలు ఖాళీ వదిలారు. ఏ ఏడాది గెలిస్తే ఆ ఏడాది నింపుకోవచ్చని. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మన ఊళ్లలో శంకుస్థాపన ఫలకాల మీద కనీసం తేదీ అయినా ఉంటుంది. ఏ అండ్ ఎమ్ చివరిసారి జాతీయ టైటిల్ గెలిచింది 1939లో.

2021లో ఎవరూ బలవంతపెట్టకుండానే ఆ కాంట్రాక్టుని 2031 దాకా పొడిగించారు. అదీ గ్యారంటీయే. 2023 నవంబరు 11న మిసిసిపీ స్టేట్ మీద 51–10తో గెలిచి, మర్నాడు పొద్దున ఆయన్ని తీసేశారు. ఇంటికి పంపినందుకు చెల్లించాల్సింది సుమారు 7.7 కోట్ల డాలర్లు. అప్పటి లెక్కన 600 కోట్ల రూపాయల పైమాటే. అందులో 1.9 కోట్ల పైచిలుకు 60 రోజుల్లో ఇవ్వాలి. మిగతాది 2031 దాకా ఏటా 72 లక్షలు. అంటే రోజుకు 20 వేల డాలర్లకు కాస్త తక్కువ. ఇంకో ఉద్యోగం చేసుకున్నా ఇందులో పైసా తగ్గదు. ఫీజుల డబ్బు కాదండీ, దాతల సొమ్ము, క్రీడా విభాగం సొమ్ము అని వివరణ ఇచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం.

ఆ 60 రోజులన్న మాట దగ్గరే నాకు నవ్వు రాదు.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఉండే మన తెలుగు పిల్లల్ని అడగండి, 60 రోజులంటే ఏమిటో. హెచ్1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ఈ దేశం ఇచ్చే గడువు 60 రోజులు. దొరక్కపోతే ఇల్లు, కారు, బడిలో చదివే పిల్లలు, అన్నీ సర్దుకుని విమానం ఎక్కాలి. వాడు పనిలో తప్పు చేశాడని కాదు. ఎక్కడో ఎవడో లెక్క తప్పాడని. ఐదేళ్లు ఒకే తప్పు చేసినవాడికి 60 రోజుల్లో 1.9 కోట్ల డాలర్ల చెక్కు! ఏ తప్పూ చెయ్యనివాడికి 60 రోజుల్లో వన్‌వే టికెట్! రెండిటికీ అదే అంకె ఎలా పెట్టబుద్ధయిందో!

ఇదే కైల్ ఫీల్డ్‌లో 2013లో జానీ మాన్జెల్ అనే ఆటగాడిని సగం ఆట బయట కూర్చోబెట్టారు. ఆటోగ్రాఫులు పెట్టాడని. డబ్బు తీసుకున్నట్టు రుజువు కూడా లేదు. కుర్రాడి సంతకానికి శిక్ష, కోచ్ సంతకానికి పెన్షన్. ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని ఒప్పుకోడానికి కాలేజీ క్రీడల పెద్దలకి 2021 దాకా పట్టింది. కోచ్‌కి ఆ ఏడాదే పొడిగింపు ఇవ్వడానికి మాత్రం ఒక్క మంచి సీజన్ సరిపోయింది.

ఆ సంతకాలు చేయించినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారని వెతక్కండి. మొదటి కాంట్రాక్టు నాటి క్రీడా విభాగం పెద్ద, అథ్లెటిక్ డైరెక్టర్, 2019లోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. పొడిగింపు ఇచ్చినాయన 2024లో ఒహాయో స్టేట్‌కి వెళ్లారు. ఛాన్సలర్ గారు రిటైరయ్యారు. వాయిదాలు మాత్రం కాలేజ్ స్టేషన్‌లోనే ఉన్నాయి.

ఆ ఫలకం ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, ఖాళీలో ఏ అంకెలు వెయ్యాలో తెలిసిపోయింది. 31 అని చెక్కించండి. బాకీ తీరే ఏడాది అదే.