కోత పొట్ట మీద, నొప్పి భుజంలో

ఆపరేషన్ తర్వాతి నొప్పి గురించి రాసిన వ్యాసంలో "కుట్లు మానితే నొప్పి పోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంత సులువు కాదండీ. పోయిన నెల ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మకు గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) రాళ్లకు ల్యాపరోస్కోపీ, అంటే చిన్న కోతల్లోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్, చేశారు. కోతలు పొట్ట మీద, ఆమె మూలుగుడేమో కుడి భుజం పట్టుకుని! గుండెపోటేమోనని నాన్న హడలిపోయారు. పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని, చికాకుపెడుతుంది. దాని నరమూ, భుజం నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోట చేరతాయి, అందుకే నొప్పి భుజంలో ఉందని మెదడు పొరబడుతుంది. రెండ్రోజుల్లో తగ్గిందనుకోండి. కోత దగ్గర కథ వేరు. తెగిన కణజాలంలో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు నరాల కొసలను ఎంత సున్నితం చేస్తాయంటే, చీర కుచ్చిళ్లు తగిలినా అమ్మ ఉలిక్కిపడేది. ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర ఆపేది వాటి తయారీనే. మరి కుట్లు మాని 3 నెలలు దాటినా కొందరిని వదలని నొప్పి? ఆపరేషన్‌లో నరం దెబ్బతినడం దానికో కారణం. వ్యాసంలో ఆ ఊసే లేదు.