తెల్లవారుజాము ఎవరిది?

ధనుర్మాసం వస్తే తిరుపతిలో రెండు మార్పులు కనబడతాయి. కొండమీద సుప్రభాతం ఆగి తిరుప్పావై మొదలవుతుంది. కింద మార్కెట్లో గోతాల కొద్దీ అనపకాయలు (చిక్కుడు జాతి కాయలు) దిగుతాయి. ముడుచుకుని పడుకోవాల్సిన ఆ చలిలోనే ఊరు మామూలుకంటే ముందు లేస్తుంది. వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసే చెయ్యి, దీపం వెలిగించే చెయ్యి, స్టవ్వు మీద పాలు పెట్టే చెయ్యి ఒక్కటే. సరిగ్గా అదే వేళకు యూనివర్సిటీ వైపు రోడ్లలో, అలిపిరి నుంచి జూపార్కు దాకా పోయే రోడ్డులో పరుగెత్తేవాళ్లు బయల్దేరతారు. నాలుగేళ్లుగా వాళ్లలో నేనూ ఉన్నాను.

ఐదున్నరకు ముందు గ్రౌండుకు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది మగవాళ్లే అనిపిస్తుంది నాకు. ఆడవాళ్లు ఎక్కువగా వచ్చేది పిల్లలు బడికి పోయాక, లేదంటే సాయంత్రం. అప్పటికి ఎండయినా ఉంటుంది, ఒంట్లో అలసటయినా ఉంటుంది. అందుకే చాలామంది నడకతో సరిపెట్టుకుంటారు. ఇది కాళ్ల సత్తువకు సంబంధించిన విషయం కాదు.

పాట, పండగ, ఇంటివంట, పరుగు. బతుకు బాగుండాలంటే ఇవన్నీ ఉండాలని అందరం చెప్పుకుంటాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ నాలుగూ ఒకే బిందెలో నీళ్లు తోడుకుంటాయి. ఆ బిందె పొద్దు పొడవక ముందు ఉండే రెండు గంటలు. మన ఇళ్లలో ఆ రెండు గంటలూ వంటకూ పండక్కూ ఆడమనిషి చేత పోయిస్తున్నాం. ఆమె పాటకు, ఆమె పరుగుకు చుక్క మిగలడం లేదు.

కేంద్ర గణాంక శాఖ 2019లో, మళ్లీ 2024లో, దేశమంతా ఎవరి సమయం దేనికి పోతుందో లెక్క తీసింది. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికే పోయాయి, ఇంటిపని చేసే మగవాళ్లకు 97 నిమిషాలు. 2024లో ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఇద్దరికీ కాస్త తగ్గింది కదా అని సంతోషపడే ముందు తీసివేత చేసి చూడండి. అప్పుడు తేడా 202 నిమిషాలు, ఇప్పుడు 201. ఐదేళ్లలో ఒక్క నిమిషం. ఆరోగ్యంగా ఉండటానికి పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే ఒక్క రోజు తేడాలోనే ఒక వారం నడకో పరుగో ఇమిడిపోతుంది.

ఇంటిపని కూడా వ్యాయామమే కదా అనే మాట నాకు చాలాసార్లు ఎదురైంది. నీళ్లు మోయడం, ఇల్లు తుడవడం శ్రమే, కాదనను. కానీ స్టవ్వు ముందు రెండు గంటలు నిలబడితే మడమలు నొస్తాయి తప్ప గుండె గట్టిపడదు. పైగా పరుగులో ఇంకోటుంది. ఆ అరగంట ఎవరూ పిలవరు. ఆ అరగంట కోసమే నేను మొదట బయటికి వచ్చానని ఇప్పుడు అర్థమవుతోంది.

నేను షూ వేసుకున్న మొదటిరోజు మా అత్త వాకిట్లో ముగ్గు పిండితో నిలబడి ఉంది. "ఏం మే, ఇంత పొద్దున్నే యాడికి?" అంది. "గ్రౌండుకు పోయొస్తా అత్తా" అన్నాను. "ఊరికేనా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగింది. ఆ "ఊరికేనా" దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

ఎందుకంటే అదే అత్త, అంతకుముందు ఏడాది మెట్లపూజ మొక్కు తీర్చుకోవడానికి నన్ను మూడు గంటలకే లేపి అలిపిరికి పంపింది. అక్కణ్ణుంచి తిరుమల కొండకు మెట్లు సుమారు 3,550. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాయాలి, కుంకుమ పెట్టాలి, లేవాలి, మళ్లీ వంగాలి. గాలిగోపురం చేరేసరికే నడుము పట్టేస్తుంది. మోకాలిమెట్టు దగ్గర మోకాళ్లమీద ఎక్కేవాళ్లుంటారు, వాళ్లలో అరవై దాటిన అవ్వలూ ఉంటారు. ఆ రోజు పొద్దున ఇంట్లో టిఫిన్ ఎవరు చేశారో ఎవరూ అడగలేదు. మా ఇంట్లోనూ ఎవరో ఒకరు చేసుకున్నారు. ఆడమనిషి ఓపిక మీద ఈ ఊరికి ఎన్నడూ అనుమానం లేదు, ఆమె లేకపోతే ఇల్లు ఒక పూట గడవదన్నది కూడా నిజం కాదు. మొక్కు కోసం పోతే దారి ఇస్తారు. భర్త ఉద్యోగానికో, పిల్లల చదువుకో అయితే ఇంకా ముందే లేపి పంపుతారు. తన ఒంటి కోసం, తన సంతోషం కోసం పోతే మాత్రం "ఊరికేనా" అని అడుగుతారు.

ఈ పట్టింపు మన ఒక్కరిదే కాదనుకోండి. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లను 800 మీటర్లు పరుగెత్తనిచ్చి, వాళ్ల శరీరాలు తట్టుకోలేవని మళ్లీ 1960 దాకా ఆ పోటీనే తీసేశారు. ఆడవాళ్ల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. ఆ ఏళ్లన్నిటిలోనూ ఇక్కడ మన అవ్వలు మెట్టు మెట్టుకీ వంగి లేస్తూ కొండెక్కుతూనే ఉన్నారు.

ఇక పాట. తాళ్లపాక అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా బతికాడు. 32,000 సంకీర్తనలు రాశాడని చెబుతారు, రాగిరేకుల మీద మనకు దొరికినవి సుమారు 14,000. వాటిలో సువ్వి పాటలున్నాయి, లాలి, జోల, ఉయ్యాల, నలుగు, గొబ్బి పాటలున్నాయి. ఈ వరసలు ఆయన కొత్తగా పుట్టించినవి కావు. దంచేవాళ్ల నోట, ఊపేవాళ్ల నోట అప్పటికే ఉన్నవాటిని దేవుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి దంచేటప్పుడు రోకళ్లు గుద్దుకోకుండా కాపాడేది పాటే. రోకలి లేచినప్పుడు ఊపిరి లోపలికి, పడినప్పుడు "సువ్వి" అంటూ బయటికి. రోకలి ఎంతో పాటా అంతే పనిముట్టు. పక్కన ఇంకో మనిషి ఉంటేనే ఆ పాటకు అవసరం ఉంది.

రోలు పోయినందుకు నాకు బాధ లేదు. మా అవ్వ అరచేతుల్లో కాయలు నేను చూశాను. గ్రైండర్ వచ్చి ఆ కాయలు పోవడం మంచిదే. కానీ గ్రైండర్‌తో పాటు పక్కనుండే మనిషి కూడా పోయింది. చేతుల బరువు తగ్గింది, పని మొత్తంగా ఒక్కరి మీదికి వచ్చింది. ఇప్పుడు వంటింట్లో ఫోన్‌లో కీర్తన మోగుతుంటుంది, మిక్సీ మోతలో అది సగం వినబడదు, కలిసి పాడేవాళ్లు ఎవరూ లేరు.

చిన్నప్పుడు రెండేళ్లు నేను సంగీతం నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంట స్వరాలు దాటలేదు. పరుగు మొదలుపెట్టిన వారంలో ఆ రెండేళ్లే పనికొచ్చాయి. మొదటిరోజు ఉత్సాహంగా దౌడు తీసి సగం చుట్టు తిరక్కుండానే డొక్క పట్టుకుని కూర్చున్నాను. సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడిస్తారు. మొదటి కాలం నిలబడనిదే రెండోది ముట్టుకోవద్దని మా టీచరమ్మ చేతిమీద తాళం వేసి మరీ చెప్పేది. నేను నేరుగా మూడో కాలం ఎత్తుకున్నాను! మరుసటి వారం నుంచి మొదటి కాలంలో పరుగెత్తాను, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా. మనసులో ఎనిమిది దెబ్బల ఆదితాళం వేసుకుంటూ, లఘువు నాలుగింటికి ఊపిరి పీల్చి, రెండు ద్రుతాల నాలుగింటికి వదిలేదాన్ని. రెండు నెలలకు ఆగకుండా మూడు కిలోమీటర్లు వచ్చింది. ఇప్పటికీ కొత్తగా వచ్చే ఆడవాళ్లకు నేను చెప్పేది ఇదే.

పండగల సంగతికొస్తే, క్యాటరింగ్ వచ్చి కుటుంబాల్లో ఆప్యాయత పోయిందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. పెళ్లి భోజనం వంటవాళ్లకు అప్పజెప్పాక మా చిన్నత్త తన కూతురు తాళి కట్టించుకోవడం కళ్లారా చూసింది. పెద్దకూతురి పెళ్లిలో ఆ సమయానికి ఆమె ఓళిగల పొయ్యి దగ్గర ఉంది. అయితే ఇంట్లో చేసుకునే పండగలు అలాగే ఉన్నాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. అమ్మవారికి పొంగళ్లు, అంబలి, వచ్చినవాళ్లకు మూడు పూటలా వంట. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి రోజుకో వేషంలో వెతికి చంపిన తల్లి గంగమ్మ అని కథ. ఆ తల్లి మీద భక్తితో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని గుడికి పోతారు. ఒక ఏడు మా మరిది కట్టాడు. కుచ్చిళ్లు సర్దింది నేను. అద్దం ముందు నిలబడినప్పుడు అతని మొహంలో ఉన్న భక్తి నిజమైనది, ఆ మొక్కును నేను తక్కువ చేయను. ఆ తల్లిని అంతగా నమ్మిన మనిషి, గుడి నుంచి వచ్చాక అదే భక్తితో గరిటె కూడా పట్టుకోవాలని మాత్రం అడుగుతాను. ఆ రోజు మా ఇంట్లో నలభై మందికి వండింది ముగ్గురం.

మా ఇంట్లో మార్పు అనపకాయల దగ్గర మొదలైంది. పితికిపప్పు చేయాలంటే కాయ వలిచి, గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తాలి. తొక్క చేతిలో మిగులుతుంది, పచ్చని పప్పు గిన్నెలోకి జారుతుంది. వేళ్లకు జిగురు, గోళ్ల కింద నలుపు, రెండు రోజులు పోని అనప వాసన. ఆరుగురికి సరిపడా పితకాలంటే ఒక్క మనిషికి గంటన్నర పడుతుంది. ఒక ఆదివారం నేను గిన్నె తీసుకొచ్చి హాల్లో టీవీ ముందు పెట్టి పరుగుకు వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి మా ఆయన, కొడుకు, అత్త ముగ్గురూ పితుకుతున్నారు, అత్త గొబ్బి పాట ఎత్తుకుంది. ఆమెకు అన్ని చరణాలు వచ్చని పద్దెనిమిదేళ్ల కాపురంలో నాకు తెలియదు. ఆ రోజు ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ధనియాలు, కొబ్బరి నూరి, ఉర్లగడ్డ వేసి కూర చేశాం. దోసెల్లోకి తిన్నాం.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు మా ఆయన పరుగుకు పోతాడు, మంగళ, గురు, శనివారాలు నేను. నా రోజుల్లో టిఫిన్ ఆయనది. మొదట్లో ఆయన ఉప్మా తప్ప ఏదీ చేయలేదు. చేయడం రాక కాదు, దోసె కావాలంటే ముందురోజు మధ్యాహ్నమే బియ్యం, మినప్పప్పు నానేయాలన్న ఆలోచన ఆయన తలలో లేక. ఇంటిపనిలో అసలు బరువు ఇక్కడుంది. కూరగాయలు తరగమంటే ఎవరైనా తరుగుతారు. రేపటికి పిండి ఉందా, గ్యాసు ఎన్ని రోజులొస్తుంది, శనివారం ఒక్కపొద్దు ఎవరెవరికి అని రాత్రి పడుకునేముందు లెక్కవేసే తల ఒక్కటే ఉంటే, పనులు ఎంత పంచుకున్నా ఆ మనిషికి తెల్లవారుజాము దక్కదు. ఆ లెక్క ఆయన తలలోకి పోవడానికి ఏడాది పట్టింది.

ఇల్లు దాటితే ఇంకో అడ్డం. నాలాంటివాళ్లం ఎనిమిదిమందిమి అయ్యాం. చీకట్లో కుక్కలుంటాయి, మనుషులుంటారు, అందుకని కలిసి పోతాం. మేం పోయే గ్రౌండులో లైట్లు ఐదున్నరకు వేస్తారు. ఆడవాళ్లకు పరుగెత్తే వీలుండేది నాలుగున్నర నుంచి ఆరు దాకా. ఒక గంట ముందు లైట్లు వేస్తే ఇంకో ఇరవైమంది వస్తారు, వాళ్ల పేర్లు కూడా మేం చెప్పగలం. ఇంకొకటి, మరుగుదొడ్డి. కట్టారు, బయట ఆడబొమ్మ కూడా గీశారు, దానికి తాళం ఉంది. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు నీళ్లు తాగకుండా పరుగుకు వస్తారు. కాగితం రాసి ఇచ్చి ఐదు నెలలైంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చెప్పమని పోయిన వారం మళ్లీ వెళ్లి అడిగాం.