చల్లగాలి వేరు, మంచి గాలి వేరు

తిరుపతిలో అద్దె ఇల్లు చూపించే యజమాని నోట తరచుగా వినిపించే మాట, "కిటికీ తీస్తే కొండగాలి సార్" అని. అలిపిరి వైపైనా, కపిలతీర్థం వైపైనా ఆ మాటకు అద్దెలో వాటా ఉంటుంది. తీరా ఇంట్లో దిగాక మనం చేసేది వేరు. ఎండలు ముదరకముందే ఏసీ బిగిస్తాం, కిటికీ సందులకు టేపు అంటిస్తాం, దోమలకని బత్తి వెలిగించి తెల్లారేదాకా తలుపు తీయం. అద్దె కట్టేది కొండగాలికి, పీల్చేది మాత్రం మనం వదిలిన గాలినే. వెనకటి మట్టిమిద్దెల్లో పొగ పోవడానికి పైకప్పులో గవాక్షి పెట్టేవారు. ఇప్పటి ఫ్లాట్లలో ఆ పని దేనికి అప్పగించామో చాలామంది చెప్పలేరు.

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లాక్కుని, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుంది. బయటి గాలిని తెచ్చే ఏర్పాటు మామూలుగా అందులో ఉండదు. దీని పర్యవసానం ఏమిటో ఒక కోచింగ్ గది లెక్కతో చూడవచ్చు. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో సుమారు 1,70,000 లీటర్ల గాలి పడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలభై మంది కూర్చుంటే గంటకు 720 లీటర్లు. గదిని పూర్తిగా బిగిస్తే ఆ వాయువు నిమిషానికి సుమారు 70 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 70 పాళ్లు) చొప్పున పెరుగుతుంది. బయట 420 దగ్గర ఉండే అంకె ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లోనే వెయ్యి దాటుతుంది. నిజమైన గదులకు సందులుంటాయి కనుక ఇంకాస్త ఆలస్యం కావచ్చు, అంతే. వెయ్యి దగ్గర అది విషమేమీ కాదు. అయితే ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు ఎంత పీలుస్తున్నారో చెప్పే గుర్తు అది. మధ్యాహ్నం క్లాసులో పిల్లలు తూగుతుంటే తప్పంతా తిన్న అన్నం మీదికే నెట్టడం న్యాయం కాదు.

ఇంట్లో పుట్టే పొగ సంగతి వేరు. ఒక దోమల బత్తి పూర్తిగా కాలేసరికి వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టింది. పీఎం 2.5గా పిలిచే ఈ ధూళి రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశ ప్రమాణం 60, అదీ బయటి గాలికే. సాంబ్రాణి, అగరుబత్తి, ఎండుమిరపకాయల పోపు ఇవన్నీ ఈ ఖాతాలోకే వస్తాయి. పూజ మానమనీ, పోపు మానమనీ ఎవరూ చెప్పరు, చెప్పినా వినేవారు లేరు. ఎగ్జాస్ట్ ఫ్యాను వేయమంటే చాలు. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టడం మాత్రం అంత తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు మించి అది అంటుకుంటుంది. మనిషికి తెలిసేలోపే స్పృహ పోవచ్చు.

ఇలాంటివాటికి మనం ఎవరిని పిలుస్తున్నామన్నది అసలు ప్రశ్న. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగిన తర్వాత మా ఇంట్లో ఒక పడకగది గోడకు చెమ్మ పట్టింది. పెయింటరు నల్లమచ్చల మీద రెండు పూతలు వేశాడు. నెలలోనే అవి మళ్లీ తేలాయి. ఏసీ మెకానిక్ జాలీలు కడిగి వెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన ఒక దుకాణం ప్రతినిధి ధూళి కొలిచే, అరచేతిలో పట్టే చిన్న మీటరును నేరుగా మంచం కింద పెట్టి, ఎర్రగా వెలిగిన అంకె చూపించి, ప్యూరిఫయరు కొనమన్నాడు. కొన్నాం కూడా. చివరికి వచ్చిన, ఇళ్లలోని గాలిని పరిశీలించే ఇంజినీరు గంటసేపు పరికరాల సంచి తెరవలేదు. ఎవరికి ఎప్పుడు తుమ్ములు వస్తున్నాయి, పడకగది తలుపు ఎంతసేపు మూసి ఉంటుంది, మేడ మీద నీళ్లు ఎటు పోతాయి అని అడిగారు. తేమ మీటరును గోడ మీద అడుగడుగునా ఆనించి చూసి, గోడలో దాగిన వాననీటి గొట్టం మలుపు దగ్గర ఆగారు. బూజును బతికించేది తేమే, తేమ ఆగకుండా మీద ఎన్ని పూతలు వేసినా దండగే అన్నారు. ప్యూరిఫయరు గాలిలో తేలే రేణువులను పట్టగలదు గాని గోడను ఆరబెట్టలేదు.

అర్హత ఉన్న మనిషికీ, సరుకు అమ్మే మనిషికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. కొలిచినవారే ఆ వెంటనే యంత్రం అమ్మితే ఆ కొలతను నమ్మడం కష్టం. మీటరు సరైన అంకె చూపుతుందని సరిచూసే కాలిబ్రేషన్ చేయించిన పత్రం ఉందా, మనిషి ముక్కు ఎత్తులో పెట్టి కనీసం ఒక పగలు, ఒక రాత్రి నడిపారా, బయటి గాలినీ కొలిచి పోల్చారా, నమూనాలు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపారా, చెప్పినదంతా కాగితం మీద రాసిచ్చారా అన్నవి ఎవరైనా అడగగల ప్రశ్నలే. ఓజోన్ వదిలే యంత్రాన్ని గాలి శుభ్రం చేస్తుందని అంటగట్టేవారిని గుమ్మం దగ్గరే ఆపవచ్చు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు. ఇందులో ఏసీ మెకానిక్‌ను చిన్నబుచ్చే ఉద్దేశం లేదు. ఐటీఐలో రెండేళ్లు రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ చదివిన కుర్రవాడికి యంత్రం బాగా తెలుసు. గాలి గురించి అతన్ని మనం ఎన్నడూ అడగలేదు, అడగని విద్య నేర్చుకోవాల్సిన అవసరం అతనికీ రాలేదు.

పని చేసేచోట్ల పరిస్థితి ఇంకా క్లిష్టం. ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. శ్రీసిటీ, రేణిగుంటల్లోని పెద్ద కర్మాగారాల్లో ఇలాంటివి చూసుకునే సిబ్బంది ఉంటారు. చిత్తూరు పరిసరాల్లో గ్రానైటు కోసే చిన్న యూనిట్లకు ఆ వసతి తక్కువ. అక్కడి ధూళిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. దానికి మందు లేదు. ఇంట్లో వాడే మీటరు ధూళి ఎంతో చెబుతుంది గాని అందులో సిలికా ఎంతో చెప్పదు. కార్మికుడి కాలరుకు చిన్న పంపు తగిలించి, షిఫ్టు పొడవునా నడిపి, ఫిల్టరును ల్యాబులో పరీక్షించాలి. ఆ పని, పనిచోట ఆరోగ్యానికి హాని చేసేవాటిని కొలిచి అదుపు చేసే ఇండస్ట్రియల్ హైజీనిస్టుది. కోసేచోట నీళ్లు చల్లడం, ధూళి లాగే గొట్టం పెట్టడం వంటివి ఆ లెక్క వచ్చాక సరిచూడాల్సినవి.

ఇంటికీ, కర్మాగారానికీ మధ్య ఉన్న లాడ్జీలు, క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లను అడిగే నాథుడు లేడు. మొన్న బంధువుల అబ్బాయిని ఒక కోచింగ్ సెంటరులో చేర్పించడానికి వెళ్లినప్పుడు ఫీజు, హాస్టలు, ర్యాంకుల మాటలయ్యాక, క్లాసు గదిలోకి బయటి గాలి ఎటు నుంచి వస్తుందని కౌంటరు దగ్గరున్న అమ్మాయిని అడిగాను. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, "గదికి మూడు ఏసీలు పెట్టించాం సార్" అంది.