నాగయ్యను ఇక వినాలి

చిత్తూరు నాగయ్య మద్రాసులో కన్నుమూసి అర్ధశతాబ్దం దాటింది. ఏటా డిసెంబరు 30 దగ్గరపడగానే టీనగర్ సభల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆయన గురించి ఒకే కథ వినిపిస్తుంది. బోలెడు సంపాదించారు, అడిగినవాడికీ అడగనివాడికీ పెట్టారు, ఆఖరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయారు. చెప్పినవారు నిట్టూరుస్తారు, విన్నవారు తలపంకిస్తారు, తర్వాత అంతా ఫలహారాలకు లేస్తారు. ఆయన ఎలా నటించారు, ఎలా పాడారు అన్న ఊసే రాదు.

కథ అబద్ధమని మేము అనడం లేదు. ఆయనది ఎముకలేని చెయ్యి అని ఆయన్ను ఎరిగినవారు చాలామందే చెప్పారు. మా ఫిర్యాదల్లా, ఆ కథ నటుడిని మింగేసిందని. తెలుగు పిల్లలకు ఆయన ఇవాళ దానం చేసి చెడిన మనిషిగానే తెలుసు, అదీ తెలిస్తే.

1904లో రేపల్లెలో పుట్టిన ఉప్పలదడియం నాగయ్యకు చిత్తూరు ఇంటిపేరై కూర్చోవడానికి నాటకమే కారణం. చిత్తూరులోని రామవిలాస సభ అనే నాటక సమాజం ఆయనకు బడి. ఆనాటి పద్యనాటకం ఎలా ఉండేదో పెద్దలకు చెప్పక్కర్లేదు. మైకుల్లేని రోజులు కనుక గొంతు చివరి వరుస దాకా తాకాలి. రాగం ఎంతసేపు లాగితే అంత మొనగాడు. ‘వన్స్ మోర్’ అన్న కేక పడితే చచ్చిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ అందుకునేది. అలాంటి చోట తయారైన నటుడు 1938లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’తో తెరకెక్కారు. సినిమా మైకు మనిషికి చేరువలో ఉంటుంది, కెమెరా ఇంకా చేరువకు వస్తుంది. వేదికను ఏలిన గొంతు అక్కడ అరుపుగా వినిపిస్తుంది. తెరమీద ఇమడలేకపోయిన నాటకాల నటులు ఎందరో ఉన్నారు. నాగయ్య గొంతు తగ్గించారు. రాగాన్ని కురచ చేశారు. మాట్లాడుతున్న మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే పాటలోకి జారినట్టు పాడారు. పాత్రధారి తన పాట తానే పాడుకునే కాలం కనుక మాటకూ పాటకూ మధ్య గొంతు మారే ఇబ్బంది ఎలాగూ లేదు. కానీ ఆ అతుకు కనపడనివ్వకపోవడం ఆయన సొంత విద్య.

వాహినీ వారి ‘వందేమాతరం’ (1939)లో ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడు. మరుసటి ఏడే ‘సుమంగళి’లో వృద్ధ సంస్కర్త. అప్పటికి ఆయనకు ముప్పయ్యారేళ్లు. పాత్ర పాత్రకూ మనిషే మారిపోతాడని పేరున్న హాలీవుడ్ నటుడు పాల్ మునితో ఆయన్ను పోల్చారంటే ఊరికే కాదు. పోతన, త్యాగయ్య, వేమన ఆ తర్వాత వరసగా వచ్చారు. ‘త్యాగయ్య’ (1946)కు నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, కథానాయకుడు అన్నీ ఆయనే. తమిళులకూ ఆయన పరాయివాడు కాదు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి నటించిన ‘మీరా’లో రాణా ఆయనే.

అయితే ఆయన పనితనం తెలియాలంటే మేము ముందుగా చెప్పేది 1947లో కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ‘యోగి వేమన’. ప్రాణంగా పెంచుకున్న చిన్నారి జ్యోతి పోయాక, శ్మశానంలో వేమన పాట ఒకటుంది. నాటకాల లెక్కన గుండెలు బాదుకుని, తారస్థాయికి వెళ్లి, చప్పట్లు కొట్టించుకోవలసిన చోటది. నాగయ్య అక్కడ కేక పెట్టరు. బతుకంటే ఇంతేనా అని తనను తానే అడుగుతున్నట్టు ఉంటుంది ఆ గొంతు. భోగి యోగిగా మారే మలుపును దర్శకుడు ఆ పాటకే అప్పగించాడు. పాట తేలిపోతే చిత్రం అక్కడే కూలేది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. యూట్యూబులో దొరికే కాపీలో ఆ పాట వింటే గరగరే ఎక్కువ. అప్పటి ఫిల్ముకు అంచున సన్నటి పట్టీ ఉండేది, శబ్దమంతా దానిమీదే. ప్రొజెక్టర్లో తిరిగి తిరిగి పట్టీ మీద గీతలు పడితే అవన్నీ చిటపటలై వినిపిస్తాయి. పైగా ఆ రోజుల్లో వాడింది నైట్రేట్ ఫిల్ము. ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోయినా కాలం గడిస్తే తనంతట తానే చివికిపోతుంది. గట్టిగా అరిచే నటుడు ఈ గరగరలోంచి కూడా వినపడతాడు. గొంతు తగ్గించడమే విద్యగా చేసుకున్న నాగయ్య వినపడరు. మన నిర్లక్ష్యం సరిగ్గా ఆయన గొప్పతనాన్నే చూసి కొట్టింది.

దానాల కథతో ఇంకో నష్టం ఉంది. తప్పంతా ఆయన దానగుణం మీదికి పోయి, పరిశ్రమ ఒడ్డున పడుతుంది. పాత చిత్రం మళ్లీ ఆడితే నటుడికి పైసా ముట్టే ఏర్పాటు ఆనాడు లేదు. సొంత సినిమా పోతే నష్టం మొత్తం నిర్మాతగా ఆయన నెత్తిన పడేది. 1965లో పద్మశ్రీ వచ్చింది, పద్మశ్రీతో బియ్యం రావు. నటులూ గాయకుల వంటి కళాకారులకు రాయల్టీ అన్నమాట మన కాపీరైట్ చట్టంలోకి వచ్చింది 2012లో, అదీ ఎక్కువగా కాగితం మీదే. ఈ సంగతులేవీ చెప్పకుండా ‘నాగయ్యలా చేతికి ఎముక లేకుండా ఉండొద్దు’ అని కొత్త నటులకు నీతులు చెప్పడం మాకు సబబుగా తోచదు.

చెన్నైలోని తెలుగు సంఘాల ముందు మేము ఒక పని పెడుతున్నాం. సినిమాకు చట్టం ఇచ్చిన రక్షణ విడుదలైన మరుసటి ఏటి నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1940ల చిత్రాలన్నిటి మీదా నిర్మాతల హక్కు తీరిపోయింది. పాటలకూ మాటలకూ గడువు రాసినవారి జీవితకాలాన్ని బట్టి ఉంటుంది కనుక దాని సంగతి వకీలును అడిగి తేల్చుకోవాలి, అదేమీ బ్రహ్మవిద్య కాదు. పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) గొడుగు కిందే ఉంది. రాజా అన్నామలైపురంలో ఆ సంస్థకు ఠాగూర్ ఫిల్మ్ సెంటర్ ఉంది. మేలైన ప్రింటు ఏదో కనుక్కుని, శబ్దాన్ని శుభ్రం చేయించి, తెరమీద వేయడానికి దారి ఉంది. ఖర్చులో వాటా పెట్టమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఈ ఊళ్లో దీని అవసరం మరీ ఎక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని పిల్లలు ఇక్కడ వీధికి పదిమంది. పోతనా వేమనా వాళ్లకు పుస్తకంలోంచి వచ్చే దారి మూసుకుపోయింది, చెవి ఒక్కటే మిగిలింది. ఆ చెవికి గరగర వినిపించి తెలుగు తీయన అని చెబితే నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

పానగల్ పార్కులో ఆయనకు విగ్రహం పెట్టిన తరం తన వంతు చేసింది. వచ్చే డిసెంబరు 30న ఉపన్యాసాలు ఒక అరగంటకు కుదించి, శాలువాలు మానేసి, ఆ డబ్బు పక్కన పెట్టి, ‘యోగి వేమన’తో మొదలుపెట్టమని మా సూచన. పూణేకు రాయవలసిన ఉత్తరం మాత్రం డిసెంబరు దాకా ఆగకూడదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలు కదలడానికి ఎంతకాలం పడుతుందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పాలా?