సార్టింగ్ హాలు వారి దివ్య సముఖానికి

ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసి పంపే మహారాజశ్రీ నగరపు సార్టింగ్ హాలు గారికి శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు దయతో పంపిన శుభలేఖ నిన్న అందింది. నాలుగు మూలలా పసుపు అలాగే ఉంది. పెళ్లికూతురు ఆషాఢమని పుట్టింటికి కూడా వచ్చేసింది.

కార్డు బయల్దేరింది పర్లాకిమిడిలో. మాకది పక్కూరు, ఆటోలో సర్దుకు కూర్చునేలోపు దిగిపోవాలి. 1900లోనే మహారాజావారు నౌపడ నుంచి మా ఊరి మీదుగా అక్కడికి చిన్న రైలు వేయించారు. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసింది గానీ వియ్యాలు ఇటే ఉండిపోయాయి. కాలికి కట్టుతో మంచాన పడ్డ మామయ్య స్వయంగా రాలేక, రసీదు తీసుకుని మరీ పోస్టులో వేయించాడు. ఫోన్లో చెప్పేది పిలుపే కాదని నాన్న పట్టు. బావాబావమరుదులు, ఇంక చెప్పేదేముంది.

ఆ కార్డు ముందు ఒడిశా లోపలికెళ్లింది. అక్కణ్ణుంచి ఇచ్ఛాపురం, పలాస, నౌపడ, ఆమదాలవలస, మా జిల్లా అంతా దాటుకుని తమరి సన్నిధికి చేరింది. అక్కడ విశ్రాంతి. ఆ తర్వాత ఫోన్లో చూస్తే 'బ్యాగ్డ్', 'డిస్పాచ్డ్'. ఎక్కడికి? మళ్లీ ఒడిశాకే! పోస్ట్‌మ్యాన్‌ని అడిగితే "ఏటి సేత్తాం బాబూ, సంచీ రావాల గదా" అన్నాడు పాపం. ఆయన్నేమీ అనను. అంటని జిగురు, దారం కట్టినా రాయని పెన్ను, ఇవాళ వాటి జోలికీ పోను.

మా పిన్‌కోడ్ మొదలయ్యేది 532తో, మామయ్యది 761తో. 5 గూట్లో మేమూ బెంగళూరూ, 7 గూట్లో మామయ్యా అస్సామూ! 1972 ఆగస్టు 15న ఈ అంకెలు తెచ్చిన తపాలా శాఖ అధికారి వేలంకర్ గారు సంస్కృత కవి కూడా. ఒకే పేరుతో ఊళ్లున్నాయి, జనం తలో లిపిలో రాస్తున్నారు, తికమక ఉండకూడదనే తెచ్చారు.

1907లో ఆర్.ఎం.ఎస్., అంటే రైల్వే మెయిల్ సర్వీస్, అని పేరు పెట్టుకున్న వంశం తమరిది. అందులో చేసి రిటైరైన సార్టరు తాతగారు మా వీధిలోనే ఉన్నారు. కట్టల దారం లాగిలాగి చూపుడువేలి మీద గాడి పడిపోయింది. ఊగే రైలుపెట్టెలో నిలబడి, ఒకపక్క ఖరగ్‌పూర్ బెంగాలీ, ఇంకోపక్క బరంపురం ఒడియా, మధ్యలో ఈయన. ఒడియాలో రాసిన ఊరిపేరు ఈయనకి అందకపోతే పక్కాయన చదివేవాడు. 'వలస' తప్ప అంతా చెరిగిపోయిన కవరొస్తే, ఇంటిపేరు చూసి అది ఏ వలసో ఈయన చెప్పేవాడట. పండగొస్తే రసగుల్లాలూ అరిసెలూ ఆ సంచుల మీదే పెట్టుకుని తినేవాళ్లు.

ఆ మనుషులందరూ ఏరీ నీ హాల్లో? గీతకి అటువాడి ఉత్తరం ఇటువాడికివ్వడానికి రెండు రాష్ట్రాలు తిప్పుతావా? పాతపట్నం ఎక్కడుందో తెలిసినవాడు ఒక్కడు లేడా? అంకె చూసి గూట్లో పడేయడమేనా పని? సిగ్గుండాలి!

నాన్న పొద్దున్నే పంచె కట్టుకుని కూర్చున్నాడు. కార్డొచ్చింది కదా, పదండి అంటాడు. చదివింపులు మనియార్డరు చేసేద్దామంది అమ్మ. అందరం ఒక్కసారే ఆవిడకేసి చూశాం.