శ్రీమంత సందేశాలు మాకొద్దు మొర్రో

నా ఫోను నన్ను మళ్ళీ బతిమాలింది. ఈ నెలలో ఇది మూడోసారి. బెంగళూరు సిల్క్ బోర్డ్ దగ్గర 500డి బస్సు కదలక, కదులుతుందన్న ఆశా లేక కూర్చుని ఉంటే తెర మీదికి చీటీ జారింది. ఆర్‌సీఎస్ చాట్ ఆన్ చేసుకోండి, మీ కబుర్లు కళకళలాడతాయి అని. కింద రెండు మీటలు. ఒకటి 'ఆన్ చెయ్యి', రెండోది 'తర్వాత చూద్దాం'. 'వద్దు' అనే మీట మాత్రం ఎంత వెతికినా లేదు. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా పిల్లకి ఇష్టం లేదంటే ఇంకో ఇల్లు చూసుకుంటాడు. ఈ పేరయ్య అరుగు దిగడు.

ఆర్‌సీఎస్ అంటే రిచ్ కమ్యూనికేషన్ సర్వీసెస్, ఎస్సెమ్మెస్ బదులు ఇంటర్నెట్ మీద మెసేజ్‌లు పంపే పద్ధతి. తెలుగులో శ్రీమంత సమాచార సేవ అనుకుందాం. ఇందులో శ్రీమంతులెవరన్నది తర్వాత తేలుద్దాం. ముందు మన పేద ఎస్సెమ్మెస్‌కి ఒక నమస్కారం పెట్టుకోవాలి. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే 22 ఏళ్ళ ఇంజినీరు కంప్యూటర్ నుంచి ఒక ఫోనుకి 'మెర్రీ క్రిస్మస్' అని పంపాడు. అదే తొలి ఎస్సెమ్మెస్. అందుకున్న ఫోనులో జవాబు టైపు చేసే వీలే లేదు. ఎంత ప్రశాంతంగా మొదలైందో చూడండి!

దానికి 160 అక్షరాల హద్దు ఉండేది. అది ఇంగ్లీషు వాళ్ళకి. తెలుగులో రాస్తే 70. అందులోనూ పొల్లు, ఒత్తు, గుడి అన్నీ విడివిడిగా లెక్క. 'లక్ష్మి' అని ఆప్యాయంగా పిలిస్తే ఏడు ఖర్చు. అందుకే మన తరం ప్రేమలన్నీ ఇంగ్లీషు లిపిలో, అచ్చులు మింగేసి నడిచాయి. పండగనాడు ఎస్సెమ్మెస్ ప్యాకులు చెల్లవనేవారు. సంక్రాంతి శుభాకాంక్షలు ముందురోజు రాత్రే పంపేసి, పండగ పూట మూగనోము పట్టేవాళ్ళం. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు సిమ్ముకి రోజుకి 100కి మించి పంపకూడదని గీత గీసి, కొన్నాళ్ళకి దాన్ని 200 చేశారు. పేదరికమే, కానీ ఇంట్లో ఎవరొచ్చారో తెలిసే పేదరికం.

శ్రీమంతుల కథ వేరు. ఈ ఆర్‌సీఎస్‌ని కంపెనీలు 2007లో తలపెట్టాయి. 2008లో మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘం జీఎస్‌ఎంఏ చేతిలో పెట్టాయి. అందరికీ సరిపడే ఒకే కొలత కుట్టడానికి 2016 దాకా పట్టింది. 2019లో గూగుల్ టెలికాం వాళ్ళ కోసం ఆగకుండా తనే కొన్ని దేశాల్లో మొదలెట్టింది. ఐఫోన్ 2024లో గడప దాటనిచ్చింది. దీని అవసరం ఎవరికీ రాకపోయినా పదిహేడేళ్ళు పట్టు వదలకుండా పెంచారు. ఆ ఓర్పులో వెయ్యోవంతు మన అవుటర్ రింగ్ రోడ్డు మీద పెట్టి ఉంటే నేనీ వ్యాసం బస్సులో మొదలెట్టి ఇంట్లో ముగించేవాణ్ణి.

ఇంతకీ అది ఇచ్చేదేమిటి? మొదటిది, చుక్కలు. అవతలివాళ్ళు టైపు చేస్తుంటే మనకి మూడు చుక్కలు ఆడతాయి. పట్టపగలే చుక్కలు చూపించడమంటే మన పెద్దలు ఇంకేదో అనుకున్నారు. మా అత్తగారు ఒకరోజు నా పేరు కింద చుక్కలు ఆడటం చూశారట. ఆడి ఆగిపోయాయట. నేను 'సరే అత్తయ్యా' అనాలా 'అలాగే అత్తయ్యా' అనాలా అని తేల్చుకోలేక తుడిచేశాను, అంతే. ఆవిడ మాత్రం అల్లుడు ఏదో అనబోయి మింగాడని రెండు రోజులు మా ఆవిడని అడిగారు. రెండోది, చదివినట్టు టిక్కు. దీనివల్ల 'నీ మెసేజ్ చూడలేదురా' అనే నాగరిక అబద్ధం ఒకటి మన సంసారాల నుంచి కనుమరుగైంది.

న్యాయంగా చెప్పాలంటే మంచీ ఉంది. ఫొటోలు మసకబారకుండా వెళ్తాయి, ఇద్దరి మధ్య మాటలు తాళం వేసి వెళ్తాయి. ఒప్పుకున్నాను. కానీ ఆ ఇద్దరూ ఎక్కడున్నారు? మన దేశంలో కబుర్లన్నీ ఏనాడో వాట్సాప్‌కి కాపురం వెళ్ళిపోయాయి. మిగిలిన ఖాళీ ఇంటికి సున్నం వేయించి, తోరణం కట్టి పిలిస్తే వచ్చేదెవరు? అప్పులవాళ్ళు, చీరల తగ్గింపువాళ్ళు, మూడు పడగ్గదుల ఫ్లాట్లవాళ్ళు.

మామూలు ఎస్సెమ్మెస్ ప్రకటనకి ఇప్పుడు పేరు చివర తోక ఉండాలి. 2025 నుంచి ప్రకటన అయితే 'పీ', సేవకి సంబంధించినదైతే 'ఎస్' అని గుర్తు పెట్టమన్నారు. తోక చూసి జంతువేదో పోల్చుకోవచ్చు. ప్రకటనలు వద్దని 1909 నంబరుకి చెప్పుకుంటే కొంత ఆపుతారు కూడా. శ్రీమంత సందేశం ఈ దారినే రాదు. ఇంటర్నెట్ దారిన, గోడ దూకి వస్తుంది. దానికి తోక లేదు, టోపీ ఉంది. కంపెనీ ముద్ర, పక్కన ధ్రువీకరించినట్టు టిక్కు, రంగుల బొమ్మ, కింద నొక్కడానికి మీట. టోపీ ఎవరికి పెడతారో వేరే చెప్పక్కర్లేదు. 2022లో ఈ గోల మన దేశంలో ఎంత ముదిరిందంటే, గూగుల్ తానే ఇక్కడ ఆ ప్రకటనల సదుపాయాన్ని ఆపింది. అదీ శ్మశాన వైరాగ్యమే అయింది.

ఇప్పుడు మా నాయన సంగతి.

హిందూపురం దగ్గర పల్లెలో ముప్పైనాలుగేళ్ళు బడిపంతులుగా చేశాడు. అంగడి చీటీ ఒకటో తారీఖు దాటనిచ్చినవాడు కాదు. నా చదువుకి తప్ప ఎవరి దగ్గరా చేయి చాచలేదు, ఆ అప్పు తీరిన రోజు ఇంట్లో పాయసం చేయించాడు. మోకాలి నొప్పికని మారతహళ్ళి వచ్చి మా దగ్గరుంటే, ఒక రాత్రి ఆయన ఫోనుకి ఒక బ్యాంకు ముద్రతో శ్రీమంతం దిగింది. కారు ముందు నవ్వుతున్న కుటుంబం బొమ్మ. 'అభినందనలు! మీ 8,00,000 రూపాయల లోను సిద్ధం.' కింద మీట: 'ఇప్పుడే తీసుకోండి.'

నాయనకి తెలిసిన భాషలో సిద్ధం అంటే సిద్ధం. ముద్ర ఉంటే అది కాగితం. తన పేరు మీద ఎవరో ఎనిమిది లక్షలు అప్పు రాశారు, రేపట్నుంచి వడ్డీ మొదలు. నాలుగు గంటలకి నేను నీళ్ళకి లేచేసరికి బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. 'ఏం నాయనా, నిద్ర పట్లేదా' అంటే 'ఏం లేదు లే అబ్బీ' అన్నాడు. ఫోను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. మోకాలి నొప్పనుకున్నాను. నాకూ బుద్ధి లేదు.

పొద్దున నేను ఆఫీసుకి పోయినాక మాతో చెప్పకుండా ఆటో ఎక్కి ఆ బ్యాంకు బ్రాంచికి వెళ్ళాడు. పాసుబుక్కు, ఆధార్ జిరాక్సు, నాలుగు మడతలు పెట్టిన అర్జీ. 'అయ్యా, నేను ఎట్టి అప్పునూ కోరి యుండలేదు. కావున నా పేరిట సిద్ధపరచిన ఎనిమిది లక్షలు దయతో రద్దు చేయ ప్రార్థన.' హిందూపురం వాళ్ళకి కన్నడం ఇంటిభాషే కాబట్టి కౌంటర్లో అమ్మాయితో కన్నడంలోనే మాట్లాడాడట. ఆ పిల్ల మంచిది. అది ఆఫర్ మాత్రమే తాతా, అప్పు కాదు అని మూడుసార్లు చెప్పిందట. నమ్మకపోతే, అర్జీ నకలు మీద 'అందినది' అని ముద్ర వేసి ఇచ్చిందట. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం ఇదంతా చెప్పి ఆయనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒక్క మాట అడుగుతాను. డెబ్భై దాటిన మనిషి ఫోనులోకి అడక్కుండా చొరబడి, సర్కారు కాగితంలా వేషం కట్టి, అర్ధరాత్రి ఆయన గుండె మీద ఎనిమిది లక్షలు దించడానికి మీకు ఎవడిచ్చాడు అధికారం? ఆన్ చేసేటప్పుడు ఆయన్ని అడిగారా? అడిగితే ఆయనకి అర్థమయ్యే మాటలో అడిగారా? నియమాలన్నీ చదివి 'అంగీకరిస్తున్నాను' నొక్కాడంటారు. ఆయన నొక్కింది తన చెల్లెలికి ఫోను చేయడానికి అడ్డం వచ్చిన తెరని. దానికి అంగీకారమని పేరు పెట్టుకోవడానికి సిగ్గుండాలి. గడపలో నిలబడి కేకేసే పాతసామాన్ల వాడు మీకంటే వెయ్యి రెట్లు మర్యాదస్తుడు. వాడు ఎవరో, ఏం కావాలో వీధి చివర్నుంచే చెప్తాడు.

సరే. ఆఫ్ చేద్దామని నిశ్చయించాం. ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద సిమెంటు బెంచీ దగ్గర తెలుగు పెద్దల సభ జరుగుతుంది. నెల్లూరు హెడ్‌మాస్టారు, గుంటూరు మిర్చి యార్డు పెద్దాయన, విజయనగరం మామ్మగారు, మా నాయన. అందరికీ కొడుకులో కూతుళ్ళో ఐటీలో ఉన్నారు, కాబట్టి ఎవరికీ ఫోను సంగతి చెప్పేవాళ్ళు లేరు. నేను చెప్తానని నిలబడ్డాను.

'మెసేజ్ యాప్ తెరవండి. పైన కుడివైపు గుండ్రంగా మీ బొమ్మో, మీ పేరు మొదటి అక్షరమో ఉంటుంది. దాన్ని నొక్కండి.'

'అంటే నన్ను నేనే నొక్కుకోవాలా?' అన్నారు హెడ్‌మాస్టారు. కాసేపు ఆలోచించి, 'బాగుంది సామీ. దారి బయటెక్కడో లేదు, తనలోనే ఉందని చెప్పడానికి ఫోనోడు ఇంత కష్టపడ్డాడు' అని కళ్ళు మూసుకున్నారు. ఆయన్ని కళ్ళు తెరిపించడానికి రెండు నిమిషాలు పట్టింది.

గుంటూరు పెద్దాయన అప్పటికే ఎటో వెళ్ళిపోయాడు. 'ఏందయ్యా, నా ఫొటో మార్చుకోమంటంది? నాకేమైంది, బానే ఉన్నాగా?' ఆయన్ని వెనక్కి తెచ్చి, 'మెసేజెస్ సెట్టింగ్స్' అని ఉంది చూడండి, అందులో 'ఆర్‌సీఎస్ చాట్స్' అంటున్నాను. ఇంతలో మామ్మగారు, 'బాబూ, నా ఫోన్లో అవేటీ లేవు, జిలేబీలున్నాయి' అన్నారు. చూద్దును కదా, మనవడు ఆవిడ ఫోను భాష కన్నడం చేసి పెట్టాడు. మామ్మగారికి కన్నడం రాదు. హెడ్‌మాస్టారికి చదవడం రాదు. మా నాయనకి మాట వచ్చు, లిపి నెమ్మది. సభ వాయిదా పడింది. రాయచూరు నుంచి వచ్చిన వాచ్‌మన్‌ని పిలిపించారు. అతను గేటు వదిలి వచ్చాడు, గేటు దగ్గర ఒక కారు హారన్ మొదలెట్టింది, ఆ కారులో ఉన్నది మామ్మగారి కొడుకే.

వాచ్‌మన్ రెండు క్షణాల్లో నొక్కి 'ఆయ్తు అమ్మా' అన్నాడు. అప్పుడు ఫోను చివరి అస్త్రం తీసింది. నిజంగానే ఆపేస్తారా, ఈ ఈ సుఖాలు పోతాయి అని. మామ్మగారు ఝడుసుకున్నారు. 'బాబూ, పింఛను ఆగిపోద్దేటి?' ఆగదన్నాను. 'మరి ఓటీపీలో?' అవి మామూలు ఎస్సెమ్మెస్‌లోనే వస్తాయన్నాను. 'గేస్ బండ బుకింగో?' దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. 'పోనీ ఉండనిద్దూ, పాపం అడుగుతోంది కదా' అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ ఫోను తయారుచేసినవాళ్ళు ప్రపంచమంతా తిరిగి ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే అనిపించింది. నాయన కల్పించుకుని, 'అమ్మా, నాకట్లే ఎనిమిది లక్షలు అంటగట్టిరి' అనేసరికి ఆవిడ చెప్పక ముందే నొక్కేశారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. నాయనకి ఆఫ్ మీద కూడా నమ్మకం కుదరలేదు. ఒక రాత్రి యాప్ కొత్తబడింది, పొద్దున చూస్తే మీట మళ్ళీ ఆన్‌లో ఉంది. 'ఇది మనం జెప్తే వినే రకం కాదబ్బీ' అని ఆ సాయంత్రమే సిమ్ము తీసి, బటన్ ఫోను కొనుక్కుని అందులో పెట్టుకున్నాడు. వారం గడిచాక మా మేనత్త తగువు పెట్టింది. కూతురికి సంబంధం కుదిరిందని మెసేజ్ పెడితే అన్న పలకలేదట. ఆమె ఫోను దృష్టిలో నాయన ఇంకా శ్రీమంతుడే. ఆఫ్ చేయకుండా సిమ్ము మారిస్తే ఇదే తంతు: మెసేజ్ పాత ఫోను చిరునామాకే పోయి, బటన్ ఫోను గుమ్మం దాకా రాదు. దీనికీ విరుగుడు ఉంది. ఒక వెబ్‌సైటుకి వెళ్ళి నంబరు ఇస్తే ఆరంకెల కోడ్ వస్తుంది, దాన్ని తిరిగి కొడితే మన పేరు శ్రీమంతుల జాబితాలోంచి కొట్టేస్తారు. బటన్ ఫోను వాడాలంటే ముందు ఇంటర్నెట్‌కి వెళ్ళి అర్జీ పెట్టుకోవాలన్నమాట. ఆ కోడ్ మాత్రం మామూలు ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. నాయన దాన్ని అంకె అంకె పైకి చదివి నాతో కొట్టించాడు.

మొన్న హిందూపురం వెళ్ళినప్పుడు భూమి పాసుపుస్తకం కోసం నాయన ఇనప్పెట్టె తెరిచాను. దాని కింద, అమ్మ తాళిబొట్టు రశీదుకీ నా పదో తరగతి మార్కుల కాగితానికీ మధ్య, బ్యాంకు ముద్ర పడ్డ ఆ అర్జీ నకలు పాలిథిన్ కవరులో పెట్టి ఉంది. 'ఇది ఇంకా ఎందుకు నాయనా' అన్నాను. 'ఉండనీలే. నేను పోయినాక వాళ్ళు నిన్ను అడిగితే చూపించు' అన్నాడు.